రాత్రి కరెంటు

హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు నార్కట్‌పల్లి దగ్గర చీలి, ఒక పాయ అద్దంకి వైపు తిరుగుతుంది. ఆ చీలికకు కొంత దూరంలో, చెరువుగట్టు గుట్ట కనిపించే చోట, ఒక ఊరుండేది. ఊరికి ఒక చెరువు, ఊరికి ఎడంగా ఒక వాడ, వాడలో రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం ఉండేవి. చెరువు కట్ట కింద, వాడకు దగ్గరగా, ఒక రైతుకు ఎకరన్నర పొలమూ అందులో ఒక బావీ ఉండేవి.

ఆ బావిని రైతు తండ్రి తవ్వించాడు. ఆయన నాగార్జునసాగర్ డ్యాం కట్టే రోజుల్లో అక్కడికి కూలికి పోయి ఏళ్ళ తరబడి రాళ్ళు మోశాడు. 1955లో ఆ డ్యాముకు పునాదిరాయి పడింది, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు పల్లపు భూములకు పారాయి గానీ ఎత్తున ఉన్న ఈ మెట్టకు ఎక్కలేదు. రాళ్ళు మోసిన మనిషి కూలి డబ్బులు మూటగట్టుకుని ఊరికి తిరిగొచ్చి, చెరువు కట్ట కింద గడ్డపార దింపాడు. ఆయన తల్లి బతికినన్నాళ్ళూ ఊరబావి దగ్గర కుండ కింద పెట్టి దూరంగా నిలబడింది. వాడవాళ్ళు ఆ బావి చేదను ముట్టుకోకూడదు. ఊళ్ళోవాళ్ళు ఎవరో ఒకరు పైనుంచి నీళ్ళు పోసేదాకా, ఒక్కోరోజు పొద్దెక్కేదాకా, ఆమె అలా నిలబడాల్సి వచ్చేది. తన ఇంటి ఆడవాళ్ళకు ఆ గతి పట్టకూడదని ఆయన బావి తవ్వించాడు. పదిహేను గజాల లోతున ఊట తగిలింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఆ రోజు వాడంతా వచ్చి దోసిళ్ళతో తాగింది. ఆయన గిరక బిగించి, తాడు వేసి, ఎవరొచ్చినా చేదుకోవచ్చని చెప్పాడు.

కొన్నేళ్ళకు బోర్లు వచ్చాయి. సర్కారు వాడ మొదట్లో ఒక బోరింగు వేసింది. ఉన్నవాళ్ళు పొలాల్లో లోతుగా బోర్లు దింపారు. అందరూ సంతోషించారు. ఆ సంతోషం వెనక ఏముందో చాలా ఏళ్ళదాకా ఎవరికీ తెలియలేదు. నల్గొండ నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. వాననీరు పైపొరల్లో ఉన్నంతవరకు చాలాచోట్ల బాగానే ఉంటుంది. లోతుకు దిగి, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిస్తే, రాయిలోని ఫ్లోరైడు నీళ్ళలో కలుస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. రంగు మారదు, వాసన ఉండదు, కాచినా పోదు. ముందు పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ మోకాళ్ళు బిగుస్తాయి, మెడ తిరగదు, నడుం వంగిపోతుంది. పటిక, సున్నం కలిపి ఆ విషాన్ని తీసే పద్ధతి ఒకటి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టి, దానికి నల్గొండ టెక్నిక్ అని ఈ జిల్లా పేరే పెట్టింది. జిల్లాను ఆ జబ్బు అంతగా పట్టుకుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ ఒక్క స్థానానికే 480 మంది పోటీకి నిలబడ్డారు. వాళ్ళలో జల సాధన సమితి వెనకుండి నిలబెట్టినవాళ్ళు గెలుస్తామని నిలబడలేదు, తమ నీళ్ళ గోస ఢిల్లీకి వినబడాలని నిలబడ్డారు. ఈ కథ ఆ రోజులది.

బావి తవ్వించిన పెద్దమనిషి పోయాక పొలం కొడుక్కి వచ్చింది. కొడుకు కష్టజీవి. వానాకాలం ఒక పంట, చెరువులో నీళ్ళుంటే యాసంగి ఒక పంట తీసేవాడు. మోట పోయి మోటరు వచ్చింది. మోటరు పొలానికి నడిచేది, గిరక వాడకు తిరిగేది. రెండింటికీ సరిపడా నీళ్ళుండేవి గనక ఎవరికీ ఎవరితో పేచీ రాలేదు.

అతని భార్య మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పిల్ల. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది, పళ్ళ మీది చారలు కనబడకుండా. ఆమె తండ్రి నలభై దాటకముందే వంగిపోయాడు. చివరి రోజుల్లో ఆయన మంచం మీద పడుకుంటే వీపు ఆనేది కాదు, తల కింద ఆనేది కాదు. తలకూ మంచానికీ మధ్య ఉండిపోయిన సందులో ఆమె తల్లి పాత చీరలు చుట్టగా చుట్టి పెట్టేది. పెళ్ళయి ఈ ఊరికొచ్చిన మొదటి రోజు ఆమె ఈ బావి నీళ్ళు తాగి, మళ్ళీ చేదుకుని తాగింది. తన పిల్లలిద్దరి పళ్ళూ తెల్లగా రావడం చూసి, ఆ బావి గట్టు మీద మోకరించి దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

ఒక ఏడు వాన ముఖం చాటేసింది. చెరువు నిండలేదు. అయినా పుష్యమాసంలో చెరువు మధ్యన ఇంకా కొంత నీరు కనబడుతుంటే, రైతు ధైర్యం చేసి ఎకరన్నరా యాసంగి నాటు వేశాడు. ఎరువుల దుకాణంలో అప్పు పెట్టాడు. పెద్దవాడు పదో తరగతిలో ఉన్నాడు. ఈ పంట చేతికొస్తే వాణ్ణి నల్గొండలో కాలేజీలో చేర్పిద్దామని అనుకున్నాడు. వరి బాగా పిలకలేసింది. మార్చి వచ్చేసరికి చెరువు పగుళ్ళిచ్చింది. బావిలో ఊట సన్నబడింది. రాత్రంతా ఊరితే తెల్లారేసరికి మనిషి నిలువు లోతు నీళ్ళు చేరేవి. అంతే. ఆ నీళ్ళు ఒక పూట మోటరుకు చాలేవి, లేకపోతే ఒక రోజు వాడ బిందెలకు చాలేవి. రెండింటికీ చాలేవి కావు.

పొలాల లైనుకు ఆ ఎండాకాలం కరెంటు రాత్రిళ్ళే ఇచ్చేవారు. ఎప్పుడొస్తుందో చెప్పేవారు కాదు. అందుకని రైతులంతా చేసేదే ఇతనూ చేశాడు. స్టార్టరు డబ్బా పక్కన గుంజకు ఒక బల్బు కట్టి స్విచ్చి వేసే ఉంచాడు. బావి పక్కన నులకమంచం వేసుకుని పడుకునేవాడు. కరెంటు రాగానే బల్బు వెలిగేది. వెలుగు కళ్ళలో పడి మెలకువ వచ్చేది. లేచి స్టార్టరు నొక్కి, పార భుజాన వేసుకుని మడికి పోయేవాడు. తెల్లవారుజామున మోటరు గాలి పీల్చుకుని గురకపెట్టేదాకా నీళ్ళు పారేవి.

పొద్దున్నే వాడ ఆడవాళ్ళు వచ్చి చేద వేస్తే అడుగున బురద తగిలేది. ఊట తేరుకునే సరికి మధ్యాహ్నమయ్యేది. కూలికి పోయే మనుషులు మధ్యాహ్నం దాకా ఆగలేరు. వాళ్ళు ఒక్కమాట అనకుండా బిందెలు తిప్పుకుని బోరింగు దగ్గరికి పోయారు. బావి రైతుది, మోటరు రైతుది, పంట రైతుది. అడగడానికి తమకు హక్కు లేదనుకున్నారు. అలా కొన్ని రోజులు గడిచాయి.

రైతు భార్య ఒక ఉదయం పాలు పోయడానికి వాడలోకి వెళ్ళింది. బోరింగు దగ్గర నాలుగేళ్ళ పిల్ల ఒకతె దాని పిడికి వేలాడుతూ, తను ఊగినప్పుడల్లా పడే నీళ్ళను తమ్ముడి నోటికి పట్టిస్తోంది. ఆ తమ్ముడికి అప్పుడప్పుడే ముందుపళ్ళు వస్తున్నాయి. ఆమె అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. పాలచెంబు చేతిలోనే ఉంది. ఇంటికొచ్చి వంట చేసింది, పశువులకు మేత వేసింది, ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం మూట పట్టుకుని పొలానికి పోయి, భర్త తిన్నాక, ఇక మోటరు వేయొద్దని అడిగింది.

అతను ఆమె మీద అరిచాడు. అతని మాటల్లో తప్పు లేదు. వరి పొట్టకొచ్చి ఉంది. ఇంకో నెల తడి అందిస్తే గింజ గట్టిపడుతుంది. ఎరువుల అప్పు వడ్డీతో కూర్చుని ఉంది. పిల్లవాడి చదువుంది. వాడ బాధ తీర్చాల్సింది సర్కారు గానీ ఎకరన్నర రైతు కాదు. ఈ ఒక్క నెల బోరింగు నీళ్ళు తాగితే ఎవరూ వంగిపోరు. ఇవన్నీ అతను చెప్పాడు. ఆమె దేనికీ ఎదురు చెప్పలేదు. ఒక నెల కోసం మొదలైన నీళ్ళే తన తండ్రి ఎముకల్లోకి దిగాయని మాత్రం చెప్పింది. పంట పోతే తనూ కూలికి వస్తానంది. అతను అటు తిరిగి పడుకున్నాడు.

అర్ధరాత్రి బల్బు వెలిగింది. అతను లేచి కూర్చున్నాడు. స్టార్టరు నాలుగు అడుగుల దూరంలో ఉంది. బావిలోకి తొంగిచూశాడు. నీళ్ళ మీద బల్బు వెలుగు కదులుతోంది. మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వరి ఆకులు ఎండకు చుట్టుకుపోయిన సంగతి అతనికి తెలుసు. ఒక్క తడి పెడితే పొద్దుటికల్లా అవి విప్పుకుంటాయనీ తెలుసు. తెల్లారేదాకా కూర్చున్నాడు గానీ స్టార్టరు నొక్కలేదు. కోడికూతకు ఆడవాళ్ళు అలవాటు కొద్దీ ఒకసారి చూసి పోదామని వచ్చి, చేద వేశారు. చేద మునిగిన చప్పుడైంది. ఒకరినొకరు చూసుకున్నారు. బిందెలన్నీ నిండాయి.

కథ ఇక్కడితో అయిపోతే చెప్పడం తేలిక. ఒక రాత్రి మనసు గట్టి చేసుకోవడం చాలామందికి చేతనవుతుంది. మర్నాటి రాత్రి బల్బు మళ్ళీ వెలిగింది. ఆ మర్నాడు కూడా వెలిగింది. ప్రతి రాత్రీ నీళ్ళున్నాయి, కరెంటుంది, పంట ఇంకా బతికే ఉంది. నిన్న వదిలేసుకున్నది ఇవాళ కూడా చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. ఒక రాత్రి అతను ఉండబట్టలేక, సగం సగం చేద్దామని అరగంట మోటరు వేశాడు. ఆ నీళ్ళు మొదటి మడి దాకా కూడా పోలేదు. ఎండిన కాలువే తాగేసింది. పొద్దున్న నాలుగిళ్ళకు నీళ్ళు తక్కువ పడ్డాయి. అతను సిగ్గుపడి ఆ రోజు పగలంతా వాడలోకి రాలేదు.

బల్బు తీసేస్తే పీడ వదులుతుందని ఒకసారి అనుకున్నాడు. వెలుగు లేకపోతే కరెంటు వచ్చిందో లేదో తెలియదు, నిద్ర పడుతుంది, ఆశ పుట్టదు. గుంజ ఎక్కి బల్బు మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆడవాళ్ళు ఇంకా చీకటుండగానే వస్తున్నారు. బావికి గోడ సగమే ఉంది. ఆ బల్బు వెలుగులోనే వాళ్ళు అంచు చూసుకుని కాలు పెడుతున్నారు. అతను చెయ్యి తీసేసి కిందికి దిగాడు. బల్బు అలాగే ఉండిపోయింది.

ఈలోగా రోడ్డు మీది నుంచి ఒక మనిషి వచ్చాడు. లారీలు ఆగే చోట హోటళ్ళకు ట్యాంకరుతో నీళ్ళు అమ్మేవాడు. వేసవి కావడంతో తియ్యటి నీళ్ళకు గిరాకీ పెరిగింది. రాత్రికొక ట్యాంకరు నింపుకుంటానని, వరి పండితే వచ్చేదానికన్నా ఎక్కువే ముట్టజెపుతానని చెప్పి, బయానా కింద నోట్లు లెక్కపెట్టి రైతు చేతిలో పెట్టాడు. రైతు వద్దనలేకపోయాడు. భార్యకు చెప్పకుండా ఆ డబ్బు పంచె కొసన ముడివేసుకున్నాడు. అప్పు తీరుతుంది, పిల్లవాడు కాలేజీకి పోతాడు, పంట పోయిన నష్టం పూడుతుంది. ఆ సాయంత్రమంతా ఇలా లెక్కలు వేసుకున్నాడు. రాత్రి బావి దగ్గర పడుకుంటే ముడి నడుముకు ఒత్తుకుంది. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. తెల్లవారుజామున ఆడవాళ్ళ మాటలు వినబడ్డాయి. వాళ్ళలో ఒకామె, రైతు ఇంటిల్లిపాదినీ చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతూ తాడు లాగుతోంది. అతను దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. పొద్దెక్కగానే సైకిలెక్కి రోడ్డు దాకా పోయి, ముడి విప్పి, డబ్బు తిరిగిచ్చేసి వచ్చాడు.

ఏప్రిల్ నడిమికి ఊరబావి కూడా ఎండిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఎన్నడూ లేనిది వాడ వైపు నడిచి వచ్చి, బావికి కొంత దూరంలో బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. వాడలో పెద్దవయసువాళ్ళకు తమ తల్లులు గుర్తొచ్చారు. ఊరివాళ్ళను అక్కడే నిలబెట్టాలని, పొద్దెక్కేదాకా నిలబెట్టి అప్పుడు పైనుంచి పోయాలని కొందరన్నారు. ఆ కోపం న్యాయమైనదే. తరాల తరబడి నిలబెట్టిన అప్పు ఊరిది. ఒక ఎండాకాలం నీళ్ళు పోసినంత మాత్రాన ఆ అప్పు చెల్లిపోదు, చెల్లిపోయిందని చెప్పే హక్కు వాడ బయటివాళ్ళకు లేదు. రైతు భార్య ఎవరికీ నీతులు చెప్పలేదు, ఎవరి నోరూ మూయించలేదు. ముందు వాడ బిందెలు నింపనిచ్చింది. తర్వాత తాడు కొసను తీసుకెళ్ళి, ముందు నిలబడ్డ ముసలామె చేతికిచ్చింది. వాడవాళ్ళు చేదగా మిగిలిన నీళ్ళను, వాడవాళ్ళు ముట్టుకున్న తాడుతోనే, ఊరి ఆడవాళ్ళు చేదుకుని పోయారు. పైనుంచి ఎవరూ ఎవరికీ పోయలేదు.

వరి ఎండిపోయింది. వెన్నులు బయటికి వచ్చాయి గానీ గింజ పాలు పోసుకోలేదు. అంతా తాలు. రైతు ఒక రోజు కొడవలి పట్టుకుని పోయి ఎకరన్నరా కోసి, పశువులకు మేతగా వేశాడు. కోస్తున్నంతసేపూ భార్య పక్కనే ఉండి కట్టలు కట్టింది. ఆ తర్వాత అతను రోడ్డు మీద లారీల్లోకి బస్తాలు ఎత్తే పనికి పోయాడు. ఆమె బత్తాయి తోటల్లో కూలికి పోయింది. ఎరువుల అప్పుకు ఒక ఎద్దును అమ్మారు. రెండో ఎద్దు ఒంటరిదైపోయి, దాన్నీ తక్కువకే అమ్మాల్సి వచ్చింది.

పెద్దవాడు పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. కాలేజీకి డబ్బు లేదు. వాడు తల్లిదండ్రులతో మాట్లాడటం మానేశాడు. బావి ఎవరిదని, పంట ఎవరిదని, తనను ఒక్కమాట అడిగారా అని నిలదీశాడు. ఇలాంటి కథల్లో పిల్లల బాధను పక్కకు నెట్టి తల్లిదండ్రుల త్యాగాన్ని పొగిడేయడం మనకు అలవాటు. నాకది సరిగా తోచదు. ఇచ్చినదాంట్లో ఆ పిల్లవాడి భాగం కూడా ఉంది, వాణ్ణి ఎవరూ అడగలేదు. తండ్రి ఆ మాట ఒప్పుకున్నాడు. వాడికి బదులు చెప్పడానికి అతని దగ్గర చేతులు తప్ప ఏమీ లేవు. ఏడాది పాటు పగలు ఎత్తే బస్తాలకు తోడు రాత్రి కూడా ఎత్తాడు. మరుసటి ఏడు వాణ్ణి ఐటీఐలో చేర్పించాడు. వాడు చేరాడు, చదివాడు, పనిలో పడ్డాడు. మనసులోని ముల్లు పూర్తిగా పోయిందో లేదో తండ్రి అడగలేదు, వాడు చెప్పలేదు.

మళ్ళీ వెనక్కి పోదాం. ఆ యాసంగి కోతలయ్యాక మందిరంలో కోత పండుగ వచ్చింది. బోర్లున్నవాళ్ళకు కాస్తో కూస్తో పండింది. ఎవరి శక్తికొద్దీ వాళ్ళు తెచ్చారు. ఒకరు వడ్ల బస్తా, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు, ఏమీ లేని ముసలమ్మలు రోజూ వంటకు ముందు తీసి దాచిన పిడికెడు బియ్యం. రోడ్డు మీద దుకాణం పెట్టుకుని బాగుపడిన ఒక సంఘ సభ్యుడు మందిరానికి కొత్త ఫ్యాన్లు ఇచ్చాడు. ఆయన మంచి మనసుతోనే ఇచ్చాడు, సంఘం మనస్ఫూర్తిగానే చప్పట్లు కొట్టింది. ఆరాధన తర్వాత అందరూ తెచ్చినవి వేలం వేశారు. గుమ్మడికాయను పోటాపోటీగా పాడి బస్తా ధరకు తీసుకెళ్ళారు. పిల్లలు కేరింతలు కొట్టారు.

సంఘపెద్ద ఒకాయన మూల బల్ల దగ్గర కూర్చుని లెక్క రాశాడు. పుస్తకంలో ఇంటికొక వరుస. తెచ్చినవాళ్ళు తెచ్చింది చెబితే, పేరు ఎదురుగా రాసి ధర వేసేవాడు. రైతూ అతని భార్యా వెనక వరుసలో, చాప చివర కూర్చున్నారు. ప్రతి ఏడూ వాళ్ళు ఆ మందిరానికి మొదటి పన తెచ్చేవాళ్ళు. ఆ ఏడు వాళ్ళ చేతిలో ఏమీ లేదు. సంఘపెద్ద వాళ్ళ వరుస దగ్గర కలం ఆపి, ఒకసారి తలెత్తి చూశాడు. రైతు తల దించుకున్నాడు. సంఘపెద్ద అక్కడ ఒక గీత గీసి కింది పేరుకు పోయాడు.

పండుగ భోజనానికి ఆ బావి నీళ్ళే తెచ్చి వండారు. పిల్లలు ఎండలో ఆడి వచ్చి, కుండ దగ్గర ఎగబడి తాగారు. సంఘపెద్ద కూడా లెక్క మూసి, గ్లాసు ముంచుకుని తాగాడు.

ఇక అర్థం చెబుతాను. ఆ దంపతులు నీళ్ళను ఒకసారి దానమిచ్చి ఊరుకోలేదు, బల్బు వెలిగిన ప్రతి రాత్రీ మళ్ళీ ఇచ్చారు. సిలువను రోజూ ఎత్తుకోమని యేసు తన వెంట వచ్చేవాళ్ళకు చెప్పినట్టు లూకా రాసింది ఇలాంటి పని గురించేనని నేను నమ్ముతున్నాను. తనకు హక్కున్నదాన్ని, చెయ్యి చాస్తే అందేదాన్ని, పక్కవాడి బిందె కోసం ఈ పూటకు ముట్టకుండా ఉండటం ఆ పని, రేపటి పూటకు అది మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది.

ఇప్పుడు ఆ పల్లెలకు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి. 2015లో తెలంగాణ నీళ్ళ పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ కట్టారు. అదీ ఈ రోడ్డు మీదే ఉంది. నీళ్ళ కరువు తగ్గినా పూటపూటకూ ఎదురయ్యే ఎంపిక తగ్గలేదు. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలో జానెడు నేల దగ్గర, ముసలి తల్లిని ఈ నెల ఎవరింట్లో ఉంచుకోవాలన్న మాట దగ్గర, ఆసుపత్రిలో పక్క మంచం రోగికి తోడు లేదని తెలిసిన రాత్రి దగ్గర అది మనకు ఎదురవుతూనే ఉంది. సంఘాల్లో లెక్క రాసే పెద్దలకు నాదొక విన్నపం. ఈసారి కోత పండుగనాడు ఎవరి పేరు ఎదురుగా గీత గీయాల్సి వస్తుందో, ఆ ఇంటికి పండుగ మర్నాడు వెళ్ళండి. వాళ్ళ పంట ఏమైందని అడిగి, వాళ్ళు చెప్పేదాకా కూర్చోండి. ఆ ఇంట్లో అలిగిన పిల్లవాడుంటే, వాడి ఫీజు సంగతి సంఘం చూసుకోవాలి.